బూటులో బీరు

విజయశ్రీకి ఏవగింపు ఎక్కువ. ఆష్‌బర్న్‌లో ఆమెను ఎరిగినవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. పార్టీకి వెళితే చిప్స్ గిన్నెలో పదిమంది చేతులూ పడకముందే తనకు కావలసింది కాగితం ప్లేట్లో వేసుకుని పక్కకు జరుగుతుంది. చెయ్యి కడుక్కోబోయే ముందు కుళాయిని కడుగుతుంది. నీళ్ళ బాటిల్ ఎవరిదైనా సరే, పైకెత్తి గొంతులో పోసుకోవలసిందే తప్ప మూతి పెట్టదు. మొత్తం ప్రపంచంలో ఆమె మూతి పెట్టి తాగే ఎంగిలి బాటిల్ ఒక్కటే ఉంది, అది మొగుడు జగదీష్‌ది. పెళ్ళయిన కొత్తలో దానికీ చాలాకాలమే పట్టింది.

ఇలాంటి మనిషి మూడేళ్ళుగా వాగుల్లో కయాక్ నడుపుతోందంటే ఎవరూ ఓ పట్టాన నమ్మరు. ఒక్క మనిషి పట్టే ప్లాస్టిక్ పడవలో నడుము దాకా దూరి, నీళ్ళు లోపలికి రాకుండా పడవ నోటికీ నడుముకూ కలిపి స్కర్ట్ అనే రబ్బరు గుడ్డ బిగించుకుని, రాళ్ళ మధ్య ఎగిరిపడే నీళ్ళలో దిగాలి. ఆ రబ్బరు బట్టలు ఎన్నిసార్లు ఉతికినా తడిసిన కుక్క వాసన వదలవు. ముక్కులోకి వెళ్ళిన నీళ్ళు మర్నాడు ఆఫీసు మీటింగులో, వంగినప్పుడు, ధారగా బయటికొస్తాయి. ఛీ అనుకుంటూనే మళ్ళీ వెళ్ళేది. నీటి జోరులోంచి కిందికి దిగి ఓ రాతి వెనక నిలకడ నీళ్ళలోకి పడవ తిప్పుకుని ఆగినప్పుడు బుర్రలో ఒక్క ఆలోచన కూడా ఉండదు. ఆ సుఖం ఆమెకు ఇంట్లో లేదు, గుళ్ళో లేదు, యోగా క్లాసులో అసలే లేదు.

అన్నీ ఓర్చుకుంది కానీ బూటు ఒక్కటే ఓర్చుకోలేకపోయింది. ఈ పడవలవాళ్ళకి ఒక ఆచారం ఉంది. వాగులో పడవ వదిలేసి నీళ్ళలో పడితే దాన్ని స్విమ్ అంటారు. అలా పడ్డవాళ్ళు, ఒడ్డు చేరాక, తమ తడి బూటు విప్పి, అందులో బీరు పోసుకుని, అందరి ముందూ తాగాలి. ఎవరో తెల్లవాళ్ళు సరదాకి మొదలుపెట్టింది. వీళ్ళ గుంపు నాయకుడు ఫణి మాత్రం దాన్ని సత్యనారాయణ వ్రతం ప్రసాదంలా పట్టుకున్నాడు, వదిలేస్తే ఏదో దోషం చుట్టుకుంటుందన్నట్టు. మనిషి పాదం నానిన చెమట నీళ్ళు, బురద, పైన నురగ. ఎవరైనా తాగే సమయానికి విజయశ్రీ కారు వెనక్కి వెళ్ళిపోయేది.

పడవ తలకిందులైతే లోపలే ఉండి, తెడ్డుతో, నడుము విసురుతో మళ్ళీ పైకి లేవడాన్ని రోల్ అంటారు. మిగతావాళ్ళు దాన్ని చావు భయంతో నేర్చుకున్నారు. విజయశ్రీ బూటు భయంతో నేర్చుకుంది. అందుకే గుంపులో ఆమె రోల్‌కి తిరుగులేదు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా పడవ వదల్లేదు, ఒక్క చుక్క కూడా తాగలేదు.

ఫణి ఆ విషయంలో కాస్త కుతకుతలాడేవాడు. జగదీష్‌కి కాకినాడ కాలేజీ రోజుల నుంచి స్నేహితుడు, ఇప్పుడు ఒకే డేటా సెంటర్ కంపెనీలో ఒకే టీము. మాట పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఎక్కడ నలుగురు తెలుగువాళ్ళు చేరినా ముందు గొంతు అతనిదే. "వదినా, నీ బూటు కోసం స్పెషల్ బీరు దాచి ఉంచా," అనేవాడు ప్రతిసారీ. విజయశ్రీ నవ్వేసి ఊరుకునేది. తన మొగుడి స్నేహితుడు కదా.

ఈ మార్చిలో ఫణి కొత్త ఉత్సాహం తెచ్చాడు. వచ్చే శనివారం హైస్కూలు పిల్లల్ని కొందరిని వాగుకి తీసుకెళతాడట. ఆ పిల్లల్లో విజయశ్రీ కూతురు వేద కూడా ఉంది. పదిహేనేళ్ళది, స్విమ్మింగ్ పూల్‌లో రోల్ నేర్చుకుని వాగు ఎప్పుడెప్పుడా అని గంతులేస్తోంది. ఆ రోజు విజయశ్రీకి ఆఫీసు పని, తను వెళ్ళడానికి వీల్లేదు. జగదీష్ అప్పుడే సరేననేశాడు. "ముందు ఈ వారం మనం ఓసారి దిగి చూద్దాం," అని విజయశ్రీ ఫణి దగ్గర పట్టుబట్టింది. తన బిడ్డని ఎవరి వెనక పంపుతోందో కళ్ళారా చూడాలని ఆమె కోరిక.

టక్కర్స్ రన్ అనేది ఆష్‌బర్న్‌కి గంట దూరంలో ఉన్న బుల్లి వాగు. ఎండాకాలం పిల్లకాలువ. మంచు కరిగి, పైన రెండు వానలు పడితేనే పడవ తేలేంత నీళ్ళొస్తాయి, అదీ రెండ్రోజులు. చెట్లకి ఇంకా చిగురు రాలేదు, నీడల్లో మట్టి కలిసిన మంచు మిగిలి ఉంది. చలికాలం గాలులకి చెట్లు వాగులకి అడ్డంగా పడతాయి కాబట్టి ఏడాదిలో మొదటిసారి దిగేముందు ఎవరో ఒకరు ఒడ్డు వెంట నడిచి చూడాలి. పడిన చెట్టు రాయికంటే ప్రమాదం. టీ వడకట్టే జల్లెడలో నీళ్ళు పోయి తేయాకు ఉండిపోయినట్టు, కొమ్మల్లోంచి నీళ్ళు వెళ్ళిపోతాయి, మనిషి ఉండిపోతాడు.

"నడిచి చూశారా ఫణి గారూ?" అని పడవలు దింపుతూ అడిగింది విజయశ్రీ.

"నిన్న సాయంత్రం మొత్తం నడిచా వదినా. టోటల్లీ క్లియర్. షూస్ పాడైపోయాయి," అన్నాడు ఫణి.

జగదీష్ నీళ్ళలోకి దిగే మనిషి కాదు. పులిహోర డబ్బాలు వెనక సీట్లో పెట్టుకుని, వీళ్ళు తేలే చోటికి, కింద వంతెన దగ్గరికి కారు తీసుకుని వెళ్ళిపోయాడు. ఫణి కారు పొద్దున్నే అక్కడ పెట్టి వచ్చారు. ముందు ఫణి, మధ్యలో విజయశ్రీ, చివర శ్యామ్‌సుందర్ బయలుదేరారు. శ్యామ్‌సుందర్ కరీంనగర్ వాడు, నెమ్మది మనిషి. ఫణి టీములోనే కొత్తగా చేరాడు, వీసా కాగితాలు ఇంకా నడుస్తున్నాయి. ఫణి నవ్వితే నవ్వుతాడు.

నీళ్ళు పాలు ఎక్కువైన కాఫీ రంగులో ఉన్నాయి. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. పైన ఎక్కడో పశువుల దొడ్డి ఉన్నట్టుంది, ఆ కంపంతా వాగులోకి దిగింది. మొదటి ఉరవడిలోనే ఒక గుక్క విజయశ్రీ నోట్లోకి వెళ్ళింది. ఉమ్మింది, మళ్ళీ ఉమ్మింది, ఇంకా రుచి వదల్లేదు. అయినా రెండో మలుపు దాటాక ఆమెకి హాయిగానే ఉంది.

మూడో మలుపులో ఫణి గట్టిగా పాట పాడుకుంటూ, వెనక్కి తిరిగి వీళ్ళకి చెయ్యి ఊపుతూ ఉన్నాడు. తిరిగి ముందుకు చూసేసరికి చెట్టు. తెల్ల బెరడు మాను ఒకటి ఎడమ ఒడ్డు నుంచి ముప్పాతిక వాగు దాకా అడ్డంగా పడి ఉంది. కుడివైపు మాత్రమే సందు. ఫణి పడవ అడ్డం తిరిగి మానుకి దభీమని ఆనుకుంది. వెనక నుంచి నీళ్ళు వీపు మీదకెక్కాయి. తల ఒకసారి కనపడింది, ఒకసారి కనపడలేదు.

విజయశ్రీ ఆలోచించలేదు. కుడి సందులోంచి జారి, చెట్టు కింది వైపు నిలకడ నీళ్ళలోకి పడవ తిప్పింది. అక్కడి నుంచి అతను చేతికందడు. స్కర్ట్ పట్టీ లాగి, పడవలోంచి బయటికి దూకింది. నీళ్ళు రొమ్ముల దాకా వచ్చాయి. ఖాళీ పడవ ఆమెని వదిలి తన దారిన తాను పోయింది. మూడేళ్ళలో మొదటిసారి.

శ్యామ్‌సుందర్ కుడి ఒడ్డున ఆగి, విసరాల్సిన తాడు సంచి ఒళ్ళో పెట్టుకుని, గుడ్లప్పగించి చూస్తున్నాడు. "తాడు! తాడు వెయ్!" అని అరిచింది విజయశ్రీ. అతను తాడు వంక చూశాడు, ఫణి వంక చూశాడు, కొట్టుకుపోతున్న ఖాళీ పడవ వంక చూశాడు. వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ పడవ వెంట వెళ్ళాడు. మూడింటిలోకీ తేలికైన పని అదే మరి.

మాను మీద ఆనుకుని అవతలికి చేతులు చాపిందా, చేతులు చెత్తలో పడ్డాయి. ఆ చెట్టుకి పట్టిన చెత్త అంతా ఇంతా కాదు. చీలికలైన ప్లాస్టిక్ సంచులు, సీసాలు, ఎవరి బిడ్డదో ఉబ్బిపోయిన డైపరు, వాటి కింద బొచ్చు ఊడి కుళ్ళుతున్న జింక కళేబరం. అది మెత్తగా ఆమె మోచేతికి తగులుతోంది. ఆ మెత్తదనంలోంచే చెయ్యి పోనిచ్చి ఫణి లైఫ్ జాకెట్ భుజం పట్టుకుంది.

"వదినా, వదలొద్దు వదినా, చచ్చిపోతా, వదలొద్దు!" అని ఏడుస్తున్నాడు ఫణి. అతని చేతులు కొమ్మని వదలవు. అతని స్కర్ట్ పట్టీ ఆమే వెతికి లాగింది. తన బలం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు, గోనె బస్తాని లాగినట్టు మాను మీదుగా ఇవతలికి లాగేసింది. బరువు తీరగానే అతని పడవ చెట్టు కిందుగా దూరి బయటపడింది.

ఒడ్డున పడేశాక అతనికి ఊపిరాడలేదు. నోటి నిండా కుళ్ళిన ఆకులు, బురద. విజయశ్రీ రెండు వేళ్ళు అతని నోట్లో పెట్టి అంతా తోడేసింది. లాలాజలం, చీమిడి, నల్లటి బురద ఆమె మణికట్టు దాకా కారాయి. మళ్ళీ పెట్టి మళ్ళీ తోడింది. అప్పుడు ఫణి భళ్ళున వాంతి చేసుకున్నాడు, ఆమె భుజం మీదే. పొద్దున తిన్న బేగల్ రొట్టె ముక్కలు ఆమె మెడ మీంచి జారాయి. విజయశ్రీ అతని వీపు రాస్తూ కూర్చుంది. ఏవగింపు అనే మాటే ఆమెకి ఆ క్షణంలో గుర్తులేదు.

కాసేపటికి అతను లేచి కూర్చున్నాడు. ఫణి మొదట అన్న మాట ఇది: "వదినా, జగ్గూగాడికి ఇదంతా చెప్పకు. ఊరికే టెన్షన్ పడతాడు."

"నిన్న నడిచి చూశానన్నారు?"

"చూశా వదినా. రాత్రి గాలికి పడుంటుంది."

విజయశ్రీ చెట్టు వంక చూసింది. ప్లాస్టిక్ సంచులు ఎండకి వెలిసి, పొడిపొడిగా రాలుతున్నాయి. కళేబరం కుళ్ళడానికే ఎన్నో వారాలు పట్టి ఉంటుంది. నిన్న రాత్రి పడ్డ చెట్టు చలికాలం చెత్తంతా ఎప్పుడు పోగేసుకుంది? ఈ మనిషి నిన్న ఒక్క అడుగు కూడా నడవలేదు. వచ్చే శనివారం ఇతని వెనక, ఇదే వాగులో, ఇదే మలుపు తిరగబోయేది వేద. అప్పుడు తగిలింది ఆమెకి జింక వాసన, ఒక్కసారిగా, ముక్కుపుటాలు అదిరేలా.

లేచి, ఒడ్డు వెంట నడిచి, శ్యామ్‌సుందర్ కింద పట్టి ఉంచిన రెండు పడవల్లో తనది ఎక్కింది. వంతెన దగ్గర తేలి, కారు వెనక బట్టలు మార్చుకుని వచ్చేసరికి ఫణికి పాత గొంతు తిరిగి వచ్చేసింది. పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని జగదీష్‌కి కథ చెబుతున్నాడు.

"బావా, నువ్వు చూసుండాల్సింది! ఫ్రెష్‌గా పడ్డ చెట్టు. నేను వెళ్ళి దాన్ని పట్టుకుని, వెనక వాళ్ళకి స్టాప్ అని సిగ్నల్ ఇస్తున్నా. ఈలోగా వదిన పానిక్ అయిపోయి పడవ వదిలేసింది. చివరికి ఖాళీ పడవ వచ్చింది, శ్యామ్ పట్టుకున్నాడు. కావాలంటే అడుగు."

జగదీష్ శ్యామ్‌సుందర్ వంక చూశాడు. "పడవైతే నేనే పట్టిన అన్నా," అన్నాడు శ్యామ్‌సుందర్, పులిహోరలో పల్లీలు ఏరుకుంటూ. అది నిజమే.

కారు బానెట్ మీద విజయశ్రీ బూటు నిలబెట్టి ఉంది. అందులో అప్పటికే బీరు నింపి ఉంది. నురగ మీద ఒక చిన్న ఆకు తేలుతోంది. ఫణి ఫోన్ కెమెరా తెరిచాడు. "త్రీ ఇయర్స్! త్రీ ఇయర్స్ వెయిట్ చేశాను వదినా ఈ డే కోసం! గ్రూప్‌లో అందరూ అడుగుతున్నారు."

విజయశ్రీ మొగుడి వైపు తిరిగింది. ఆమె మొహం చూసైనా అడుగుతాడేమో అనుకుంది. ఆమె మెడ మీద ఇంకా కొమ్మలు గీరిన ఎర్రటి చారలు ఉన్నాయి, జుట్టులో ప్లాస్టిక్ పీలిక ఉంది.

"పోనీలే విజ్జీ, ఒక్క గుక్క," అన్నాడు జగదీష్ నవ్వుతూ. "అందరూ తాగినదే కదా. సరదాకి."

విజయశ్రీకి ఒళ్ళంతా జలదరించింది. బూటు చూసి కాదు. ఫణి పెదవుల మీద పులిహోర నూనె మెరుస్తోంది. గంట క్రితం తన వేళ్ళు పెట్టి శుభ్రం చేసిన నోరు అది. తను తోడేసిన బురద అంతా బురదే కానీ, ఇప్పుడు అందులోంచి వస్తున్నది అంతకంటే రోతగా ఉంది. చెత్త కుండీ మూత తీసినట్టుంది ఆమెకి.

ముందుకెళ్ళి బూటు తీసుకుంది. ఎత్తి పోసుకోలేదు. అంచుకి మూతి పెట్టి, ఆకుతో సహా, చుక్క మిగలకుండా తాగేసింది. ఇసుక పళ్ళ కింద కరకరలాడింది. చేతి వెనకతో మూతి తుడుచుకుని బూటు బోర్లించి చూపించింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఫోన్ పట్టుకున్న ఫణి చెయ్యి కిందికి దిగింది.

"ఇది నా బూటు, నా కాలి బురద. ఇందులో ఏముందో నాకు తెలుసు," అంది. "ఇప్పుడు నీది విప్పు ఫణీ."

ఆమె ఇన్నేళ్ళలో అతన్ని నువ్వు అనడం అదే మొదలు. ఫణి నవ్వబోయాడు. "నేను స్విమ్ చేయలేదు కదా వదినా. చెట్టెక్కాను."

"నిన్ను ఎక్కించింది ఎవరు?"

ఫణి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. విజయశ్రీ శ్యామ్‌సుందర్ వైపు తిరిగింది. "శ్యామ్, ఆ చెట్టు రాత్రి పడిందా? పడవ సంగతి అడగట్లేదు. చెట్టు సంగతి అడుగుతున్నా."

శ్యామ్‌సుందర్ ఫణి మొహం చూశాడు, ప్లేటులోకి చూశాడు. చాలాసేపు పల్లీ నమిలాడు. "పాతదే అక్కా," అన్నాడు చివరికి. "మస్తు చెత్త పట్టుంది దానికి. ఫణన్న మునిగిపోతుండె. నువ్వే గుంజినవ్." ఆ తర్వాత తలెత్తలేదు.

"అబ్బా, ఇన్వెస్టిగేషన్ అంతా అవసరమా?" అన్నాడు ఫణి. "అందరం సేఫ్‌గా ఉన్నాం. కాస్త నడవలేదు, అంతే. నిన్న ఎంత వర్క్ ఉందో నీకు తెలుసు కదా బావా. రా వదినా, ఫ్రెండ్స్." చేతులు చాపుకుని, పక్క నుంచి భుజం మీద చెయ్యి వేయబోయాడు.

విజయశ్రీ ఒక అడుగు వెనక్కి వేసింది. "ముట్టుకోకు. నీ నోట్లో వేళ్ళు పెట్టాను, నీ వాంతి నా మెడ మీద పడింది. అప్పుడు నాకేమీ అనిపించలేదు ఫణీ. ఇప్పుడు నిన్ను చూస్తుంటే అసహ్యం వేస్తోంది."

ఫణి చేతులు గాల్లోనే కాసేపు ఉండి కిందికి దిగాయి. జగదీష్ పులిహోర డబ్బా మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. పడవలు కార్ల మీద కట్టుకున్నారు. శ్యామ్‌సుందర్ ఫణి కారులో ఎక్కాడు, వేరే దారి లేదు అతనికి.

కారు మట్టి రోడ్డు దాటి తారు రోడ్డు ఎక్కాక విజయశ్రీ అంది, "వేద శనివారం వెళ్ళదు."

జగదీష్ స్టీరింగ్ మీద వేళ్ళు ఆడించాడు. "కోపం తగ్గాక మాట్లాడుకుందాం విజ్జీ. ఫణికి మాట ఇచ్చేశాను కదా. ఇప్పుడు క్యాన్సిల్ చేస్తే వాడేమనుకుంటాడు? పైగా సోమవారం ఆఫీసులో మొహం మొహం చూసుకోవాలి. నెక్స్ట్ టైమ్ జాగ్రత్తగా ఉంటాడులే, భయపడ్డాడు కదా."

విజయశ్రీ నాలుకతో పళ్ళు తడుముకుంది. ఇసుక ఇంకా పంటి కింద ఉంది. కప్ హోల్డర్‌లో జగదీష్ నీళ్ళ బాటిల్ ఉంది, సగం తాగి ఉంది. దాన్ని తీసి, మూత తిప్పి, మూతికి ఆనించుకోకుండా, జానెడు పైకెత్తి, గొంతులో ధారగా పోసుకుంది. పరాయివాళ్ళ బాటిల్ తాగినట్టు. మూత పెట్టి యథాస్థానంలో ఉంచింది.

జగదీష్ చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ దృశ్యం అతను ఎన్నో ఇళ్ళలో, ఎన్నో పార్టీల్లో చూశాడు. తన బాటిల్‌కి మాత్రం చూడలేదు. రోడ్డు వంక చూశాడు, బాటిల్ వంక చూశాడు. ఒక పెట్రోల్ బంక్ రాగానే కారు లోపలికి తిప్పి, పక్కకి ఆపి, ఫోన్ తీసి స్పీకర్‌లో పెట్టాడు.

"ఫణీ, వేద రాదురా శనివారం," అన్నాడు. అవతల నుంచి ఏదో పెద్ద గొంతు లేచింది. "కాదు, విజ్జీ చెప్పిందని కాదు. నేను చెబుతున్నా. మిగతా పిల్లల పేరెంట్స్‌కి కూడా నేనే ఫోన్ చేసి చెట్టు సంగతి చెబుతా. నువ్వు చెప్పవు కదా." అవతల గొంతు ఇంకా మాట్లాడుతుండగానే పెట్టేశాడు.

ఫోన్ పక్కన పెట్టాడు. ఆమె జుట్టులో చిక్కుకున్న ప్లాస్టిక్ పీలికని జగదీష్ రెండు వేళ్ళతో నెమ్మదిగా లాగి కిటికీ పక్కనున్న చెత్త సంచిలో వేశాడు. తర్వాత బాటిల్ మూత తీసి ఆమెకి అందించాడు.

"ఇప్పుడు దాహం లేదు," అంది విజయశ్రీ.